మైకుసెట్టులో రెక్టిఫైయర్ మార్పు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత విద్యుత్ చరిత్రకు ఒక వస్తు ఆధారం

11.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
– వాల్వు ఆంప్లిఫైయర్‌లో రెక్టిఫైయర్ చేసే పనిని సులభంగా వివరించగలుగుతారు.
– వాల్వు రెక్టిఫైయర్ స్థానంలో సిలికాన్ డయోడ్ ఎందుకు వచ్చిందో, దానివల్ల ఏ లాభనష్టాలు కలిగాయో చెప్పగలుగుతారు.
– ఆ మార్పుకూ గ్రామీణ విద్యుదీకరణకూ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
– రిపేరు జరిగిన ఒక పాత పరికరాన్ని స్థానిక చరిత్రకు ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

11.1 ప్రస్తావన

స్థానిక చరిత్రకు ఆధారాలు అనగానే శాసనాలు, కైఫియత్తులు, రెవెన్యూ రికార్డులు, పత్రికలు గుర్తుకు వస్తాయి. వెనుకటి పాఠాలలో వాటిని గురించి చదివారు. అయితే గత వంద సంవత్సరాల చరిత్రకు మరో రకమైన ఆధారం మన ఇళ్ల అటకల మీద, పాత దుకాణాల వెనుక గదుల్లో, పాత సామాను కొనేవారి కొట్లలో ఉంది. అది యంత్రం. ముఖ్యంగా, ఎవరో ఒకరు విప్పి, రిపేరు చేసి, మార్చిన యంత్రం.

ఈ పాఠంలో అలాంటి ఒక యంత్రాన్ని పరిశీలిద్దాం. అది పెళ్లిళ్లలో, జాతరల్లో, ఎన్నికల సభల్లో మోగిన మైకుసెట్టులోని వాల్వు ఆంప్లిఫైయర్. అందులో కూడా ఒకే ఒక్క భాగం మనకు ముఖ్యం: కరెంటును సరిచేసి లోపలికి పంపే రెక్టిఫైయర్. చాలా పాత ఆంప్లిఫైయర్లలో కంపెనీ పెట్టిన రెక్టిఫైయర్ వాల్వు ఈనాడు కనిపించదు. దాని స్థానంలో, ఛాసిస్ కింద, వడ్లగింజ కంటే కొంచెం పెద్దవైన డయోడ్లు రెండో నాలుగో అతికించి ఉంటాయి. ఈ చిన్న మార్పు ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు సమాధానం పెట్టె లోపల మాత్రమే దొరకదు. ఊరి చివరి కరెంటు స్తంభం దాకా వెళ్లి వెతకాలి. అందుకే దీన్ని విద్యుత్ చరిత్రకు ఆధారంగా తీసుకుంటున్నాం.

11.2 రెక్టిఫైయర్ అంటే ఏమిటి?

ఇంటికి వచ్చే కరెంటు ఏ.సి. అంటే దాని దిశ సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున అటూ ఇటూ మారుతూ ఉంటుంది. వాల్వులు పనిచేయడానికి ఒకే దిశలో ప్రవహించే డి.సి. కావాలి, అది కూడా 250 నుంచి 400 వోల్టుల వరకు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచుతుంది. రెక్టిఫైయర్ దాన్ని ఒకే దిశకు మళ్లిస్తుంది. ఆ తర్వాత కండెన్సర్లు అందులోని ఎగుడుదిగుళ్లను చదును చేస్తాయి. ఈ చదును సరిగ్గా జరగకపోతే హారనులో పాటతో పాటు ‘గుయ్’మనే రొద వినిపిస్తుంది.

ఒకే దిశలో కరెంటును పోనిచ్చే వాల్వును 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రూపొందించాడు. వేడెక్కిన ఫిలమెంటు నుంచి ఎలక్ట్రాన్లు పళ్లెం వైపుకు వెళ్తాయి, వెనక్కి రావు. ఈ సూత్రం మీదనే 5వై3, 5యు4, ఈజడ్80, ఈజడ్81, జిజడ్34 వంటి రెక్టిఫైయర్ వాల్వులు తయారయ్యాయి. 1930లలో సెలీనియం పలకలతో చేసిన రెక్టిఫైయర్లు వ్యాపారపరంగా వచ్చాయి. 1950లలో సిలికాన్ డయోడ్లు వచ్చి, 1960లలో చవకయ్యాయి.

మన దేశంలో ఈ మార్పు కొద్ది సంవత్సరాల తేడాతోనే నడిచింది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ రేడియో వాల్వులను 1961లోనూ, జర్మేనియం సెమీకండక్టర్లను 1962లోనూ అందించడం మొదలుపెట్టింది. అంటే స్వదేశీ వాల్వు బజారుకు వచ్చిన ఏడాదికే, దాన్ని తొలగించబోయే సాంకేతిక కుటుంబం కూడా అదే సంస్థ గడప దాటింది. పల్లెలో వాల్వు మైకుసెట్టు కొత్త వస్తువుగా అడుగుపెట్టే నాటికి, పరిశ్రమలో అది పాతబడే దారిలో ఉంది.

11.3 ప్రాంత నేపథ్యం: కరెంటు వచ్చిన తీరు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందినవి. 1948 సెప్టెంబరు వరకు నిజాం పాలనలోనూ, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా విడిపోయింది. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది. బీడీలు, మగ్గాలు, వ్యవసాయం, ఆ తర్వాతి కాలంలో గల్ఫ్ వలస ఈ ప్రాంతపు బతుకుదెరువులు. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు జాతరలు ఇక్కడి పెద్ద జన సమూహాలు.

కరెంటు లేని రోజుల్లో ఆంప్లిఫైయర్ బ్యాటరీ మీద నడిచేది. బ్యాటరీ డి.సి.ని ట్రాన్స్‌ఫార్మర్ పెంచలేదు. అందుకే ‘వైబ్రేటర్’ అనే కదిలే స్విచ్చు ఆ డి.సి.ని ముక్కలు చేసి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇచ్చేది. పెరిగిన వోల్టేజిని మళ్లీ రెక్టిఫైయర్ సరిచేసేది. బ్యాటరీని ఛార్జింగ్ కోసం పట్నానికి మోసుకుపోవలసిందే. కాబట్టి ఆ దశలో పల్లె శబ్దానికి హద్దు బ్యాటరీయే.

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. జగిత్యాల, కోరుట్ల వైపు పల్లెలకు తీగలు లాగింది ఈ బోర్డే. సిరిసిల్ల కథ వేరు. 1969లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పింది. అమెరికా పల్లెల్లోని విద్యుత్ సహకార సంఘాలను నమూనాగా తీసుకొని దేశంలో ఐదు చోట్ల ప్రయోగాత్మకంగా సహకార సంఘాలు పెట్టారు. కర్ణాటకలోని హుక్కేరి, మహారాష్ట్రలోని ముళా-ప్రవర, గుజరాత్‌లోని కొడినార్, ఉత్తరప్రదేశ్‌లోని లక్నోతో పాటు మన సిరిసిల్ల వాటిలో ఒకటి. 1970లో మొదలైన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘాన్ని ప్రజలు ‘సెస్’ అని పిలుస్తారు. ఇందులో కరెంటు వాడే వ్యక్తే సంఘ సభ్యుడు. సంఘం బోర్డు దగ్గర టోకున కరెంటు కొని తన ప్రాంతంలో పంచేది.

ఇరుగుపొరుగు తాలూకాలు, రెండు వేర్వేరు పంపిణీ వ్యవస్థలు: చరిత్ర విద్యార్థికి ఇది మంచి పోలిక. అయితే ఒక జాగ్రత్త అవసరం. సెస్ కూడా బోర్డు దగ్గరే కరెంటు కొనేది కాబట్టి, పై నుంచి వచ్చే లోటు రెండింటికీ సమానమే. తేడా ఉంటే అది స్థానికమైన తీగల, ట్రాన్స్‌ఫార్మర్ల నిర్వహణలో ఉండాలి.

స్తంభం రావడం వేరు, సరైన వోల్టేజి రావడం వేరు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగ ఎంత పొడవుగా సాగితే, దాని మీద ఎంత ఎక్కువ బరువు పడితే, చివరన వోల్టేజి అంత తగ్గుతుంది. బావుల మీద మోటార్లు, పట్నంలో మరమగ్గాలు, సాయంత్రం వెలిగే దీపాలు అన్నీ ఒకే తీగను పంచుకున్నప్పుడు 230 వోల్టులు ఉండవలసిన చోట 180 మాత్రమే అందడం తెలంగాణ పల్లెలకు అలవాటైన సంగతి. 1983లో పొరుగునే రామగుండంలో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ మొదటి యూనిట్ మొదలైనా, ఉత్పత్తి కేంద్రం దగ్గరుండటంతోనే తీగ చివరి ఇంటికి నిండు వోల్టేజి రాదు. ‘లో వోల్టేజి’ అన్న మాట చదువు రాని వారి నోట కూడా తెలుగు మాటలా స్థిరపడింది ఈ అనుభవం వల్లనే.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల విద్యుత్ పంపిణీ వ్యవస్థలలో తేడా ఏమిటి? ఐదు వాక్యాలలో రాయండి.

11.4 వాల్వు స్థానంలో డయోడ్

మైకుసెట్టు మోగేది ఎక్కువగా సాయంత్రం. పల్లెలో వోల్టేజి తగ్గేదీ సాయంత్రమే. ఈ రెండూ కలిసిన చోట రెక్టిఫైయర్ మార్పుకు అర్థం దొరుకుతుంది. దీన్ని లెక్కతో చూద్దాం.

ట్రాన్స్‌ఫార్మర్ వైండింగులో మధ్య తీగకు రెండు వైపులా 300 వోల్టులు వచ్చే ఒక మామూలు ఆంప్లిఫైయర్‌ను తీసుకోండి. ఏ.సి. శిఖర విలువ 300ను 1.414తో గుణిస్తే వస్తుంది, అంటే 424 వోల్టులు. 5వై3 వంటి వాల్వు 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర తనలోనే సుమారు 50 వోల్టులు మింగేస్తుంది. వైండింగు నష్టాలను పక్కన పెడితే మిగిలేది 374. ఇది 230 వోల్టుల సరఫరా ఉన్నప్పుడు.

సరఫరా 180కి పడిపోతే శిఖర విలువ 332 అవుతుంది. వాల్వు మింగిన తర్వాత మిగిలేది 282. పాట నీరసపడుతుంది, గొంతు చీలుతుంది. అదే చోట సిలికాన్ డయోడ్ పెడితే అది మింగేది ఒక వోల్టుకు అటూ ఇటూ మాత్రమే. అప్పుడు 331 వోల్టులు మిగులుతాయి. పోయిన 92 వోల్టులలో సగానికి పైగా తిరిగి వచ్చాయన్నమాట. పైగా 5వై3 ఫిలమెంటు తాగే 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్ల శక్తి ఆదా అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటుంది. కొత్త వాల్వు కోసం హైదరాబాదు పోనక్కర లేదు. లారీ మీద, ఎడ్లబండి మీద కుదుపులకు పగిలే గాజు కూడా లేదు. పుస్తకాలలో ఈ మార్పును వాల్వుకు బదులుగా వచ్చిన చవక భాగంగా చెబుతారు. తీగ చివరి ఊరిలో మాత్రం అది తక్కువ వోల్టేజికి మెకానిక్ చూపిన ఉపాయం.

కానీ ఇది సగం ఉపాయమే. మిగిలిన వాల్వుల హీటర్లకు 6.3 వోల్టులు కావాలి. సరఫరా 180కి పడితే వాటికి అందేది 4.9 మాత్రమే. రెక్టిఫైయర్ మార్చినా హీటర్ వేడెక్కదు. అర వేడితో నడిచిన వాల్వుల శక్తి త్వరగా తగ్గిపోతుంది. స్టెబిలైజర్ ఒక్కటే ఈ రెండో సగానికి మందు.

అసలు ప్రమాదం వోల్టేజి బాగుపడినప్పుడు వస్తుంది. రాత్రి పది దాటాక మోటార్లు, మగ్గాలు ఆగితే సరఫరా ఒక్కసారిగా పైకి పోవచ్చు. 250 వోల్టుల దగ్గర మన ఉదాహరణలోని శిఖర విలువ 461. చాలా ఆంప్లిఫైయర్ల కండెన్సర్ మీద రాసి ఉండే హద్దు 450. అదీగాక డయోడ్ స్విచ్చు వేసిన క్షణమే పూర్తి వోల్టేజిని ఇస్తుంది. మిగిలిన వాల్వులు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి కరెంటు తీసుకునేవారు ఉండరు. ఆ బరువంతా కండెన్సర్ మీద పడుతుంది. ఉబ్బుతుంది, కొన్నిసార్లు పేలుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. ఇక్కడ వాల్వుల మధ్య తేడా కూడా గమనించాలి. జిజడ్34, ఈజడ్81 వంటివి నెమ్మదిగా వేడెక్కి మిగిలిన వాల్వులతో పాటే మేలుకుంటాయి. 5వై3, 5యు4 ఫిలమెంటు నేరుగా వేడెక్కే రకాలు. ఇవి కొద్ది సెకన్లలోనే వోల్టేజి ఇస్తాయి. కాబట్టి వాల్వు రెక్టిఫైయర్ ఉన్నంత మాత్రాన ప్రతి ఆంప్లిఫైయర్‌కూ నెమ్మదిగా మేలుకునే రక్షణ ఉందని అనుకోకూడదు.

తెలిసిన మెకానిక్ దీనికి జాగ్రత్తలు తీసుకునేవాడు. డయోడ్ల తర్వాత ఒక రెసిస్టర్‌ను వరుసలో పెట్టడం మొదటిది. 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర 50 వోల్టులు తగ్గించాలంటే 500 ఓములు కావాలి. అందులో 5 వాట్ల వేడి పుడుతుంది కాబట్టి 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టాలి. రెండవది, ఎక్కువ వోల్టేజి తట్టుకునే కండెన్సర్లు వేయడం. మూడవది డయోడ్ల ఎంపిక. ఈ సర్క్యూట్‌లో ప్రతి డయోడ్ మీద వెనుక దిశలో శిఖర విలువకు రెట్టింపు, అంటే 848 వోల్టులు పడతాయి. సరఫరా 250 అయితే అది 922. 1ఎన్4007 తట్టుకునేది 1000. బి.వై.127 తట్టుకునేది 1250. 1ఎన్4007 విషయంలో మిగిలే భద్రత తక్కువ. అందుకే ఒక్కో వైపు రెండు డయోడ్లు వరుసగా కనిపిస్తే, ఆ చేతికి ఈ లెక్క తెలుసునని అర్థం.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
సరఫరా 200 వోల్టులు ఉన్నప్పుడు పై ఆంప్లిఫైయర్‌లో వాల్వుతోనూ, డయోడ్‌తోనూ వచ్చే వోల్టేజిని లెక్కించండి. శిఖర విలువను 200/230తో గుణించండి.

11.5 పరికరాన్ని ఆధారంగా చదవడం

ముందుగా ఒక హెచ్చరిక. పాత ఆంప్లిఫైయర్ దొరికితే దాన్ని కరెంటుకు కలపవద్దు. ఈ మధ్య వాడిన పెట్టె అయితే, ప్లగ్గు తీసినా కండెన్సర్లలో ప్రాణం తీసే వోల్టేజి మిగిలి ఉండవచ్చు. తెలిసిన మెకానిక్ ఆ విద్యుత్తును ఖాళీ చేసిన తర్వాతనే లోపల చూడండి. చూడటం, ఫొటో తీయడం, రాసుకోవడం వరకే మీ పని.

తర్వాత కింది వరుసలో పరిశీలించండి.

మొదటిది, కంపెనీ పలక, సరఫరా వోల్టేజి ఎంచుకునే బిందువులు. చాలా పాత సెట్లలో 200, 220, 240 వంటి వేర్వేరు బిందువులు ఉంటాయి. తీగ అతి తక్కువ బిందువుకు కలిపి ఉంటే, ఆ ఇంటికి లేదా ఆ దుకాణానికి వోల్టేజి తక్కువగా వచ్చేదని సూచన. ఇది ఎవరూ రాయాలని అనుకోకుండానే రాసి ఉంచిన రికార్డు.

రెండవది, రెక్టిఫైయర్ సాకెట్. వాల్వు ఉందా, ఖాళీగా ఉందా, లేక పాత వాల్వు గాజు తీసేసి దాని అడుగుభాగంలోనే డయోడ్లు అతికించి గుచ్చారా? మూడవ పద్ధతిలో డయోడ్ల ముక్కను తీసి మళ్లీ వాల్వు పెట్టుకునే వీలుంది. అంటే మార్చిన మనిషి వెనక్కి వచ్చే దారిని మూసేయలేదు.

మూడవది, డయోడ్ల మీద ముద్ర. ఇది కాలనిర్ణయానికి పనికొస్తుంది, కానీ ఒక వైపు నుంచే. సిలికాన్ డయోడ్ ఉన్న మార్పు 1960లకు ముందుది కాజాలదు. అయితే 1ఎన్4007 ఈనాటికీ తయారవుతోంది కాబట్టి, అది ఎప్పటి వరకు అన్న హద్దును ఇవ్వదు. నాణెం దొరికిన పొర ఆ నాణెం కంటే పాతది కాదని పురావస్తు శాస్త్రంలో చదివారు కదా, ఇదీ అదే సూత్రం.

నాలుగవది, చుట్టూ ఉన్న భాగాలు. డయోడ్లతో పాటు రెసిస్టర్ చేర్చారా? కండెన్సర్లు కంపెనీవా, మార్చినవా? టంకం మెరుపులో, తీగ రంగులో తేడాలున్నాయా? ఒకే పెట్టెలో మూడు రకాల టంకం కనిపిస్తే మూడు వేర్వేరు సందర్భాలలో రిపేరు జరిగి ఉండవచ్చు. మూత లోపల పెన్సిలుతో రాసిన తేదీ, ఊరు, అంకెలు ఉంటే వాటిని ఉన్నవి ఉన్నట్టు నకలు చేసుకోండి.

పరికరం చెప్పినదాన్ని ఇతర ఆధారాలతో సరిపోల్చాలి. ఊరికి కరెంటు వచ్చిన సంవత్సరానికి సెస్ లేదా విద్యుత్ సంస్థ రికార్డులు, పంచాయతీ తీర్మానాలు చూడండి. ఒకప్పుడు రేడియోకు తపాలా కార్యాలయంలో లైసెన్సు తీసుకోవలసి ఉండేది. ఆ పుస్తకాలు కొన్ని ఇళ్లలో దొరుకుతాయి. లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి కావాలి కాబట్టి అనుమతి పత్రాలు మరో ఆధారం. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అలాంటి కాలంలో మైకు ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు. చివరగా మైకుసెట్టు నడిపినవారిని, రేడియో మెకానిక్కులను కలిసి మాట్లాడండి. “ఎందుకు మార్చారు?” అని మాత్రమే అడగకండి. “ఏ పొద్దున కరెంటు ఎట్లా ఉండేది, సప్పుడు ఎట్లా మారేది?” అని అడగండి. కారణం కంటే అనుభవం ఎక్కువ కచ్చితంగా గుర్తుంటుంది.

11.6 అసలు రూపమా, మారిన రూపమా?

1970లు, 80లలో 12 వోల్టుల బ్యాటరీ మీద నేరుగా నడిచే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్లు వ్యాపించాయి. గల్ఫ్ నుంచి వచ్చినవారి చేతుల్లో టేప్‌రికార్డర్లు వచ్చాయి. వాల్వు పెట్టె మూలకు చేరింది. ఈనాడు వాల్వుల శబ్దం మీద ఇష్టంతో పాత ఆంప్లిఫైయర్లను వెతికి కొనేవారున్నారు. వారు చేసే మొదటి పని తరచుగా డయోడ్లను పీకి, రెక్టిఫైయర్ వాల్వును తిరిగి పెట్టి, పరికరాన్ని ‘అసలు రూపానికి’ తేవడం.

వాడుకోదలచిన మనిషికి అది న్యాయమే. వాల్వు రెక్టిఫైయర్ తిరిగి వస్తే వోల్టేజి కంపెనీ అనుకున్న చోటికి దిగుతుంది. పాత కండెన్సర్లను మాత్రం ఎలాగూ మార్చాలి. కానీ చరిత్రకారుని దృష్టిలో అసలు రూపం అంటే ఏది? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుదా, ఇరవై ఏళ్లు జాతరల్లో మోగిన నాటిదా? ఫ్యాక్టరీ రూపం అచ్చయిన సర్క్యూట్ కాగితాలలో దొరుకుతుంది. కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఒక బల్ల మీద జరిగిన మార్పుకు మాత్రం కాగితం లేదు. ఆ మెకానిక్ పుస్తకం రాయలేదు, పేటెంటు తీసుకోలేదు, చాలాసార్లు రశీదు కూడా ఇవ్వలేదు. ఆయనకు తెలిసిన విద్యకు మిగిలిన ఒకే ఒక్క పత్రం ఆ టంకం చుక్క. దాన్ని శుభ్రం చేస్తే పత్రం చిరిగినట్టే.

కాబట్టి నియమం ఇది: మ్యూజియంకు, కళాశాలకు చేరే పరికరంలో మార్పును అలాగే ఉంచాలి. వాడుకకు తిప్పే పరికరమైతే, విప్పే ముందు ఫొటోలు తీసి, తీసిన భాగాలను పేరు, తేదీ రాసిన సంచిలో పెట్టి, ఆ పెట్టెతోనే ఉంచాలి. దీనికి ఖర్చు లేదు, గంట సమయం చాలు. పాత సామాను బండి వీధిలోకి వచ్చిన రోజున ఈ అవకాశం శాశ్వతంగా పోతుంది.

11.7 సారాంశం

వాల్వు ఆంప్లిఫైయర్‌లో రెక్టిఫైయర్ ఏ.సి.ని డి.సి.గా మారుస్తుంది. 1960ల నుంచి వాల్వు స్థానంలో సిలికాన్ డయోడ్లు వచ్చాయి. పల్లె సాయంత్రాల తక్కువ వోల్టేజిలో ఈ మార్పు పోయిన శక్తిలో కొంత తిరిగి ఇచ్చింది, వోల్టేజి పెరిగినప్పుడు కండెన్సర్లకు ముప్పు తెచ్చింది. కాబట్టి ఈ మార్పు గ్రామీణ విద్యుదీకరణ నాణ్యతను గురించి సాక్ష్యం చెబుతుంది. విద్యుత్ బోర్డు పరిధిలోని జగిత్యాల, కోరుట్ల, సహకార సంఘం పరిధిలోని సిరిసిల్ల పోలికకు అనువైన ప్రాంతాలు. రిపేరును లోపంగా కాక ఆధారంగా చూసి, తొలగించే ముందు నమోదు చేయాలి.

11.8 కీలక పదాలు

రెక్టిఫైయర్: ఏ.సి.ని ఒకే దిశలో ప్రవహించే డి.సి.గా మార్చే భాగం.
వైబ్రేటర్: బ్యాటరీ డి.సి.ని ముక్కలుగా చేసి ట్రాన్స్‌ఫార్మర్‌కు అందించే కదిలే స్విచ్చు.
శిఖర విలువ: ఏ.సి. వోల్టేజి ఒక ఆవృత్తిలో చేరే అత్యధిక విలువ.
సెస్: సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం.
వస్తు ఆధారం: రాతకు బదులుగా వస్తువు రూపం, అరుగుదల, మార్పుల ద్వారా గతాన్ని తెలిపే ఆధారం.

11.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. వాల్వు రెక్టిఫైయర్ స్థానంలో డయోడ్ రావడానికి గ్రామీణ విద్యుత్ సరఫరా ఎలా కారణమైందో వివరించండి.
2. రిపేరు జరిగిన పరికరంతో కాలనిర్ణయం చేయడంలోని అవకాశాలనూ, పరిమితులనూ చర్చించండి.
3. మీ ఊరిలోని ఒక పాత విద్యుత్ పరికరాన్ని ఎంచుకొని, దానిలో జరిగిన మార్పులనూ, వాటికి సరిపోల్చదగిన ఇతర ఆధారాలనూ రెండు పుటలలో రాయండి.